ఉడకబెట్టిన నూలుపోగు

వజ్రమ్మ తన యాభై మూడేళ్ల బతుకులో ఎంతమంది పసిపిల్లల నెత్తిన ఆముదం పెట్టి ఉంటుందో ఆమెకే తెలియదు. సిరిసిల్లలో ఆమె ఉండే వాడలో ఎవరింట కాన్పయినా ముందు దవాఖాన నుంచి తల్లీపిల్లా వచ్చేవారు, వెనకాలే వజ్రమ్మ వచ్చేది. పసిపిల్లల నడినెత్తిన ఎముక ఇంకా కలవని మెత్తటి చోటు ఒకటి ఉంటుంది. మాడు అంటాం. లోపల ఎవరో కూర్చుని మెల్లగా తడుతున్నట్టు అది పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. వజ్రమ్మ మూడు వేళ్లతో ఆ చోటు తడిమి, గోరువెచ్చటి ఆముదం బొట్టుబొట్టుగా దించి, అది ఇంకేదాకా అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేది. మాడు ఎంత తొందరగా పూడితే పిల్ల అంత గట్టిదని ఆమె లెక్క. కొత్త తల్లులు ఆ చోటు చూసి జడుసుకుంటే, ఏడాది తిరిగేసరికి తాను పూడ్చేస్తానని, గోడకు పడ్డ చిల్లు గురించి మేస్త్రీ చెప్పినట్టు చెప్పేది.

అలాంటి మనిషి సొంత మనవరాలి నెత్తిన పద్నాలుగు నెలలపాటు చుక్క ఆముదం పడనివ్వలేదు. వాడలోని ఆడవాళ్లు మొదట్లో వింతగా చూశారు, తర్వాత ఎత్తిపొడిచారు, ఆ తర్వాత అడగడం మానేశారు. సంగతి తెలియాలంటే జగిత్యాల దాకా పోవాలి.

వజ్రమ్మకు ఒక్కతే బిడ్డ, రమ. కోరుట్లలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే ధనుంజయ్‌కి ఇచ్చి చేశారు. ఏడో నెలలో ఒడి నింపి పుట్టింటికి తోలుకురావాలని వజ్రమ్మ చీర కూడా కొని పెట్టుకుంది. ఆ చీర మడత విప్పకముందే రమకు నొప్పులు వచ్చాయి. ధనుంజయ్ ఆమెను జగిత్యాలలో పిల్లల దవాఖాన ఉన్నచోటికి తీసుకుపోయాడు. వజ్రమ్మ, ఆమె మొగుడు శంకరయ్య సిరిసిల్ల నుంచి వెళ్లేసరికి పాప పుట్టి అద్దాల పెట్టెలో ఉంది. కిలోంబావు బరువు. వజ్రమ్మ అద్దంలోంచి చూసి, నూలు చుట్టే కండె అంత ఉందనుకుంది గానీ పైకి అనలేదు.

నాలుగో రోజు పిల్లల డాక్టరు అందరినీ పిలిచి చెప్పాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు మెదడులోని సన్నటి నరాలు చాలా పల్చగా ఉంటాయట. పాపకు లోపల నెత్తురు చెమ్మ కనబడిందట. కొందరికి అది దానంతటదే ఆరిపోతుంది, కొందరికి నీటిదారికి అడ్డం పడుతుంది. ఏది అవుతుందో ఇప్పుడే చెప్పలేమని, వారం వారం కొలుస్తూ ఉండాలని అన్నాడు. వజ్రమ్మే అడిగింది, తలలోపలిది ఎట్లా కొలుస్తారని. స్కాన్ డాక్టరమ్మ వస్తుంది చూడమన్నాడు.

ఆ డాక్టరమ్మ పేరు నాహీద్. ముప్పై అయిదేళ్లుంటాయి. చక్రాల మిషన్‌ను తానే తోసుకుంటూ వచ్చింది, తలకు కట్టుకున్న స్కార్ఫు చెవుల వెనక్కి దోపుకుంది. పెట్టె తెరవకముందు ఒక పని చేసింది. జిగురులాంటి మందు ఉన్న సీసాను తాను తెచ్చుకున్న చాయ్ ఫ్లాస్కు మూతలో వేడినీళ్లు పోసి అందులో నిలబెట్టింది. అది చల్లగా తగిలితే పాప ఉలిక్కిపడుతుందని చెప్పింది. వజ్రమ్మకు ఆమె మీద గురి కుదిరింది అక్కడే. ఆముదం కూడా గోరువెచ్చగా ఉంటేనే కదా పెట్టేది.

కానీ ఆ మరుక్షణమే నాహీద్ బొటనవేలంత పనిముట్టు తీసి సరిగ్గా పాప మాడు మీద ఆనించబోయింది. వజ్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గక్కడ ఒత్తకు బిడ్డా. గది మాడు."

"మాడు గాబట్టే పెడుతున్న పెద్దమ్మా," అంది నాహీద్, చెయ్యి గాలిలోనే ఆపి. "ఒత్తను. ఊకె ఆనిస్త. నెత్తి అంత ఎముకనే గద, గీ ఒక్కతాన్నే కిటికీ ఉన్నది. గిది మూసుకుంటె నాకు లోపల ఏం కండ్లవడది."

పూడ్చడమే తప్ప అందులోంచి చూడొచ్చని వజ్రమ్మకు అంతవరకు తట్టలేదు. మిషన్ అద్దం మీద బూడిదరంగులో మేఘంలాంటిది కదిలింది. నడుమ రెండు నల్లటి చీలికలు, గొర్రెపోతు కొమ్ముల్లా చెరోవైపుకి వంగి ఉన్నాయి. నాహీద్ ఓపిగ్గా చెప్పింది. అవి మెదడులోని నీటి గదులు, అందరి తలల్లోనూ ఉంటాయి, నీరు ఊరుతుంది, పారిపోతుంది. నెత్తురు గడ్డ దారికి అడ్డం పడితే నీరు నిలిచి గదులు ఉబ్బుతాయి, పక్కనున్న మెదడును నొక్కుతాయి. తాను కొలిచేది నడిమి గీత నుంచి గది అంచు దాకా ఉన్న దూరం. మిషన్‌లో రెండు చుక్కలు పెడితే అంకె అదే వచ్చింది. పన్నెండు మిల్లీమీటర్లు.

తర్వాత ఒక కాగితం తీసింది. దాని మీద వంకర గీత ఒకటి ఏటవాలుగా పైకి పోతోంది. పాప చుక్క ఆ గీతకు కింద ఉంటే భయం లేదు. గీత దాటితే ఇక్కడే చేయాల్సిన పని ఉంది. గీతకు పైన ఇంకో నాలుగు మిల్లీమీటర్లు పోయిందంటే మాత్రం హైదరాబాద్ పోవాలి, తలలో గొట్టం వెయ్యాలి.

నాలుగు మిల్లీమీటర్లంటే ఎంతని వజ్రమ్మ అడిగింది. నాహీద్ కందిగింజంత అంది.

ఆ రోజు నుంచి వజ్రమ్మకు బతుకంతా ఆ కందిగింజ మీదే నిలబడినట్టయింది. దానికి ఇవతల ఇల్లు, అవతల ఆ పెట్టెలోని పిల్ల తలకు రంధ్రం. దవాఖాన వరండాలో కూర్చుని తన వేలిగోరు మీద కందిగింజ ఎంత పడుతుందో చూసుకునేది.

వారం తర్వాత పన్నెండున్నర. మరో వారానికీ పన్నెండున్నరే. అయిదు వారాలకు పాప పావు తక్కువ రెండు కిలోలకు దగ్గరికొచ్చింది, పాలు తాగుతోంది, అంకె కదల్లేదు. ఇంటికి పొమ్మన్నారు. రెండు వారాల తర్వాత బుధవారం నాడు మళ్లీ స్కానుకు రమ్మని, ఈలోపు వారానికోసారి తల చుట్టుకొలత చూసుకోమని నాహీద్ కాగితం టేపు ఒకటి చేతిలో పెట్టింది. కల్పన అనే నర్సు గడపదాకా వెంబడి వచ్చి, పాపను తాకే ప్రతిదాన్నీ మరిగే నీళ్లలో ఉడకబెట్టమని మూడుసార్లు చెప్పింది. గుడ్డలు, గిన్నెలు, చెంచాలు, ఏదైనా సరే.

కాన్పయిన బిడ్డ పుట్టింటికే రావాలి కాబట్టి రమా పాపా సిరిసిల్ల వచ్చారు.

టేపుతో పేచీ అక్కడ మొదలైంది. దాని మీద గీతలు చీమల బారులా ఉన్నాయని, కాగితం ఒక్కోసారి ఒక్కో తీరుగా మడత పడుతోందని వజ్రమ్మ గొణిగింది. ఆమె చేతులు ముప్పై ఏళ్లుగా నూలుతో పనిచేసినవి. శంకరయ్య సాంచాలు నడుపుతాడు, మరమగ్గాలను మా దగ్గర అట్లాగే అంటారు. వాటికి కావలసిన కండెలన్నీ వజ్రమ్మే చుడుతుంది. చీకట్లో పోగు తెగినా వేలికి తెలుస్తుంది ఆమెకు. కొలవాలంటే ఆమెకు పోగు కావాలి.

ఇల్లంతా పాలిస్టర్ కండెలే. కానీ పాలిస్టర్ పోగు వెంట్రుకలా కోస్తుంది, పసి నుదుటికి పనికిరాదు. అందుకని చెక్కపెట్టె అడుగున అత్తగారి నాటి చేతిమగ్గం రోజుల నూలు చిలప, పోగుల కట్ట ఒకటి ఉంటే బయటికి తీసింది. అసలైన నూలు, గంజి పట్టించింది, ఇన్నేళ్లయినా బిగువుగానే ఉంది. గురువారం పొద్దున పాప తల చుట్టూ ఆ పోగు తిప్పి, కలిసినచోట గుర్తుకు ముడి వేసింది. వారం తర్వాత మళ్లీ చుడితే ముడి ఎంత జరుగుతుందో చూడొచ్చు. ఇంతకంటే సరైన కొలత ఏ దుకాణంలోనూ దొరకదని రమతో అంది.

కొలవడం అయ్యాక పోగును గూట్లో పెట్టింది. రెండు రోజులకు గుడ్డలు ఉడకబెడుతుంటే కల్పన మాట గుర్తుకొచ్చింది. పాపను తాకే ప్రతిదీ. పోగు పాప తలను తాకేదే కదా. తీసి అదే గిన్నెలో వేసింది. కళపెళ మరిగించి, నీడన ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డలో చుట్టి దాచింది.

మరుసటి గురువారం పోగు తిప్పింది. ముడి కలవలేదు. కలవదని తెలుసు, పిల్ల పెరుగుతుంది కదా. ఒక గోటి మందం ఎడం ఉంటుందనుకుంది. కానీ బొటనవేలి వెడల్పు ఎడం ఉంది. విప్పి మళ్లీ తిప్పింది. అంతే. మూడోసారి తిప్పినా ఎడం తగ్గలేదు.

రమ టేపు తెచ్చి కొలిచింది. అర సెంటీమీటరు పెరిగింది, డాక్టరు చెప్పినట్టే.

"టేపు మంచిగనే చూపెడుతంది అవ్వా," అంది తల్లితో. "బుధారం ఎట్లైన పోతం గద. ఊకె రందివెట్టుకోకు."

"గీ కాయిదం మొన్నచ్చింది. నూలు నాతోని పెరిగింది. నేను నూలునే నమ్ముత."

శంకరయ్యను సాంచాల దగ్గర్నుంచి పిలిపించారు. ఆయన పోగును వేళ్ల నడుమ పెట్టుకుని వెలుతురుకు పట్టి చూశాడు, పాప తల చుట్టూ తానూ ఒకసారి తిప్పాడు. నలభై ఏళ్లు పడుగూ పేకల మధ్య గడిపిన మనిషి. ఆయనకూ ఎడం ఎడంగానే కనబడింది. కారణం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఇరవై ఏళ్లుగా వాళ్ల చేతుల్లో ఆడుతున్నది పాలిస్టర్, అది మరిగే నీళ్లలో వేసినా వెంట్రుకవాసి మారదు. ఎప్పుడో వదిలేసిన సంగతులు చేతులూ వదిలేస్తాయేమో.

శంకరయ్య కోరుట్లకు ఫోన్ చేశాడు. డాక్టరు బుధవారం రమ్మన్నప్పుడు గురువారం పోవడం ఎందుకని, పసిపిల్లను ఊరికే తిప్పితే జలుబు చేస్తుందని ధనుంజయ్ అన్నాడు. అల్లుడి మాటను శంకరయ్య ఎప్పుడూ కాదనడు. ఆ రోజు మాత్రం జగిత్యాలలో కలుద్దామని చెప్పి ఫోన్ పెట్టేశాడు. పక్కవీధి అఫ్సర్ కారు మాట్లాడుకున్నారు. వజ్రమ్మ కొంగుముడిలో పోగు, ఒడిలో పాప.

నాహీద్ గది బయట గర్భిణీలు వరసకట్టి కూర్చున్నారు. నడుమ సందులో నాహీద్ వీళ్లను లోపలికి పిలిచి, తేదీ పొరబడ్డారా అని అడిగింది. వజ్రమ్మ కొంగుముడి విప్పి పోగును బల్ల మీద పరిచి, ఉన్నదంతా చెప్పింది. నాహీద్ మధ్యలో అడ్డుపడకుండా వింది. పాప తలను టేపుతో రెండుసార్లు కొలిచి, తర్వాత ఆ పోగును టేపు పక్కన పెట్టి చూసింది. ముడికీ కొసకీ మధ్య పాప ఇంటికిపోయిన రోజు రాసుకున్న చుట్టుకొలత ఉండాలి. దానికంటే దాదాపు సెంటీమీటరు తక్కువ ఉంది. పోగును రెండు గోళ్ల మధ్య పెట్టి లాగింది. మెత్తగా ఉంది. గంజి ఆనవాలు లేదు.

"గీ నూలు కడిగినవా పెద్దమ్మా?"

"కడుగుడు కాదు బిడ్డా, ఉడకవెట్టిన," అంది వజ్రమ్మ, మెచ్చుకుంటుందని. "మీ నర్సమ్మ చెప్పినట్టె. పావుగంట."

నాహీద్ నవ్వింది. తల్లిని చూసి బిడ్డ నవ్వినట్టుంది గానీ ఎగతాళి లేదు. వాళ్ల నాన్న షౌకత్ కోరుట్లలో దర్జీ అని చెప్పింది. కోరా గుడ్డను నీళ్లలో ముంచి ఆరబెట్టందే ఆయన కత్తెర పెట్టడు. పండుగ ముందు బకెట్లు నిండుగా గుడ్డలు నానేవి, చిన్నప్పుడు వాటిని పిండి ఆరేసే పని తనదే. నూలు తడిస్తే కురచవుతుంది, ఉడికితే ఇంకా. పాప తల అంతగా పెరగలేదు, పోగు చిన్నదయింది.

శంకరయ్య పైన తిరిగే ఫ్యాన్‌ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. అప్పుడే కోరుట్ల నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ ధనుంజయ్ కూడా అంతా విన్నాడు. వజ్రమ్మకు ఒళ్లంతా సిగ్గుతో మండింది. సిరిసిల్ల పద్మశాలి ఇంటి ఆడమనిషికి కోరుట్ల దర్జీ బిడ్డ నూలు గురించి పాఠం చెప్పింది. అదీ అల్లుడి ముందు. పోగును మళ్లీ కొంగుకు ముడేసుకుని, పాపను అందుకుని లేవబోయింది.

"కూసో పెద్దమ్మా. గింత దూరం అచ్చినంక చూడకుంట పంపుతనా," అంది నాహీద్, సీసాను వేడినీళ్లలో నిలబెడుతూ.

మామూలుగా స్కాన్ చేస్తున్నప్పుడు ఆమె ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది, పాపతోనైనా. ఆ రోజు మాట్లాడుతూ మొదలుపెట్టి, ఆగిపోయింది. రెండు చుక్కలు పెట్టింది, తుడిచేసింది. పాప తలను కొంచెం తిప్పి మళ్లీ పెట్టింది. మళ్లీ తుడిచేసింది. మూడోసారి పెట్టినప్పుడు వజ్రమ్మ అద్దం వైపు చూసింది. అక్షరాలు ఆమెకు అంతంతమాత్రమే గానీ అంకెలు బాగా వచ్చు.

పదహారు.

గొర్రెపోతు కొమ్ములు లావయ్యాయి. కొసలు మొనదేరి ఉండేవి, ఇప్పుడు గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. రమ తల్లి భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ధనుంజయ్ గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు.

నాహీద్ కాగితం తీసి చుక్క పెట్టింది. చుక్క వంకర గీతకు పైన పడింది. కందిగింజలో సగానికి పైగా అయిపోయింది. అప్పుడు చెప్పింది, తొందర లేకుండా, ఒక్కొక్క మాటా. నెలలు తక్కువ పిల్లల మెదడు వెన్నముద్దలా మెత్తగా ఉంటుంది, లోపల నీరు నిలిస్తే ముందు అది ఒత్తుకుపోతుంది. ఎముక జరిగి తల పెరగడం ఆ తర్వాతి సంగతి. అందుకే టేపుకి ఇంకా ఏమీ తెలియదు. టేపు చెప్పింది నిజమే, పోగు చెప్పింది తప్పే. కానీ లోపల అప్పటికే మొదలైంది.

బుధవారం దాకా ఆగి ఉంటే ఏమయ్యేదని ధనుంజయ్ అడిగాడు. ఖచ్చితంగా చెప్పలేనంది నాహీద్. ఆగిపోయి కూడా ఉండొచ్చు. ఆరు రోజుల్లో పై గీత దాటి కూడా ఉండొచ్చు. తర్వాత వజ్రమ్మ వైపు తిరిగింది.

"నీ నూలు అబద్ధం చెప్పింది పెద్దమ్మా. గా అబద్ధం పట్టుకొని నువ్వు అచ్చినవ్. టేపు మాటిని ఇంట్ల కూసుంటె నాకు గిది ఇయ్యాల కండ్లవడకపోవు."

వజ్రమ్మకు ఏడవాలో ఏం చెయ్యాలో తెలియలేదు. కొంగుముడిని పిడికిలిలో పట్టుకుని నిలబడింది.

ఆ సాయంత్రమే పిల్లల డాక్టరు పాప నడుము దగ్గర వెన్నుపూసల నడుమ సన్నటి సూది పెట్టి నీరు తీశాడు. నాలుగు చెంచాలంత. లేత చాయ్ రంగులో ఉందట. పాప ఏడుపు తలుపు ఇవతలకు సన్నగా వినబడింది, వజ్రమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. మర్నాడు నాహీద్ కొలిస్తే పద్నాలుగున్నర. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండు రోజులకు మళ్లీ పదిహేనున్నర. మళ్లీ సూది.

సిరిసిల్లకు పోలేదు. పుట్టింటి లెక్క పక్కన పెట్టి అందరూ కోరుట్లలో అల్లుడింట్లోనే దిగారు, అక్కడినుంచి జగిత్యాల దగ్గర. రోజు విడిచి రోజు స్కాన్. ధనుంజయ్ పొద్దున్నే దుకాణం తెరవకుండా అత్తనూ భార్యనూ తీసుకుపోయి, తిరిగొచ్చాక షట్టర్ ఎత్తేవాడు. ఒకరోజు దారిలో ఆయన, ఆ గురువారం ఫోన్‌లో తాను అన్నమాట మనసులో పెట్టుకోవద్దని అత్తమ్మతో అన్నాడు. తాను పట్టుకొచ్చింది కూడా ఉడికిన పోగే కదా, ఎవరు ఎవరిని అనాలని వజ్రమ్మ అంది.

ఆదివారం వచ్చింది. ఆ రోజు నాహీద్‌కు సెలవు. వేరే డాక్టరు కొలుస్తాడనుకున్నారు. వీళ్లు పోయేసరికి నాహీద్ ఇంటి చెప్పులతోనే వచ్చి కూర్చుని ఉంది, ఫ్లాస్కు మూతలో సీసా సిద్ధంగా ఉంది. సెలవు పాడుచేసుకున్నావెందుకు బిడ్డా అని వజ్రమ్మ అడిగితే, ఆమె సీదాగా ఒకే సంగతి చెప్పింది. సగం మిల్లీమీటరు అటా ఇటా అని చూసేటప్పుడు ఒకే చెయ్యి కొలవాలి, ఒకే చోట పెట్టాలి, ఒకే వాలులో పట్టాలి. చెయ్యి మారితే పెరిగింది పాప తలలోని నీటిగదో, కొలిచే చేతిలోని తేడానో తెలియదు.

ఆ మాట వజ్రమ్మకు ఎవరూ విడమరచనక్కర్లేదు. సాంచా మీద బిగువుగా ఉన్న గుడ్డ పన్నా, అంటే వెడల్పు, వేరు, దించి మడతపెట్టాక పన్నా వేరు. ఎక్కడ కొలిచావో చెప్పకుండా కొలత చెప్పేవాడిని శంకరయ్య గుమ్మం ఎక్కనివ్వడు. బయటికొచ్చాక మొగుడితో ఒక్కమాట అంది:

"గా పిల్ల మనోల్ల కులంల పుట్టవలసింది."

మూడోసారి సూది తర్వాత పద్నాలుగు. నాలుగోది పెట్టాల్సిన రోజున నాహీద్ కొలిచి, పిల్లల డాక్టరును పిలిచి చూపించింది. పదమూడున్నర. ఇవాళ వద్దు, చూద్దామన్నారు. రెండు రోజులకు పదమూడున్నరే. ఆ తర్వాత పదమూడు. నీరు తన దారి తానే వెతుక్కుందని చెప్పారు. చుక్క గీత కిందికి దిగింది. నాహీద్ ఆ కాగితాన్ని రమ చేతికిచ్చి, ఇక మీ అమ్మ ఇంటికి పొమ్మంది. వజ్రమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది. జిగురు మందు కనురెప్పలకు అంటుకుంది. గోరువెచ్చగా ఉంది.

పాపకు మూడో నెలలో మనస్వి అని పేరు పెట్టారు. శంకరయ్య మాత్రం కందిగింజా అనే పిలుస్తాడు.

ఇక ఆముదం సంగతి. కిటికీ అన్న మాట వజ్రమ్మ మనసులో నాటుకుంది. ఇంకా నెలనెలా స్కాన్ ఉంది, తర్వాత మూడు నెలలకోసారి ఉంది. మాడు పూడితే నాహీద్‌కు లోపల కనబడదు. ఇన్నేళ్లుగా పూడ్చిన చేతులే ఇప్పుడు ఆ చోటు వంక పోకుండా ఒళ్లో కూర్చున్నాయి. ఒకసారి కల్పన నర్సు నవ్వుతూ, ఆముదం పెట్టినా పెట్టకపోయినా మాడు తన సమయానికి తానే పూడుతుందని, కావాలంటే పెట్టుకోమని చెప్పింది. వజ్రమ్మ తలూపింది. పెట్టలేదు. ఊళ్లో పిల్లలందరికీ పెట్టి సొంత మనవరాలిని ఎండబెడుతున్నావని వాడలో ఒకామె అంటే, మా కిటికీతో ఇంకా పని ఉందని చెప్పి కండె చుట్టుకుంది. అయితే చిన్న సీసాలో ఆముదం పోసుకుని, జగిత్యాల పోయిన ప్రతిసారీ సంచిలో పెట్టుకునేది. ఎప్పుడు సెలవిస్తారో తెలియదు కదా.

పద్నాలుగో నెలలో పోయినప్పుడు నాహీద్ చాలాసేపు వెతికింది. మనస్వి ఊరికే పడుకునే వయసు దాటింది, ఆమె స్కార్ఫు కొస పట్టుకుని లాగుతోంది. చివరికి సన్నటి సందులోంచి మసకగా బొమ్మ వచ్చింది. గొర్రెపోతు కొమ్ములు సన్నగా, ఉండాల్సినట్టే ఉన్నాయి. కొలిచి, కాగితం మీద చివరి చుక్క పెట్టింది. నడక, మాట ఎట్లా వస్తాయో పిల్లల డాక్టరు చూస్తుంటాడని, నెలలు తక్కువ పిల్ల కాబట్టి కొంచెం ఆలస్యమైతే కంగారు పడొద్దని చెప్పింది.

"ఇగ నా పని అయిపోయింది పెద్దమ్మా. కిటికీ మూసుకుంటంది."

వజ్రమ్మ సంచిలోంచి గుడ్డ మడత తీసి బల్ల మీద పెట్టింది. అత్తగారి నాటి చిలపలో మిగిలిన నూలంతా పాతవాడలో ఇంకా చేతిమగ్గం వేసే రాజన్న దగ్గరికి తీసుకుపోయి నేయించింది. తెల్లటి గుడ్డ, గజం మీద మూరెడు. పోగు దాని అంచులో ఉంది, అదే పోగు, ముడి విప్పి కుట్టింది. మూడుసార్లు ఉడకబెట్టానని, ఇక ఎంత ఉడికినా కురచ కాదని ముందే చెప్పింది. నాహీద్ గుడ్డను చెంపకు ఆనించుకుంది. ఇది తాను దాచుకుంటే పెట్టెలో పడి ఉంటుందని, దీంతో మనస్వికి గౌను కుట్టమని తన అబ్బా షౌకత్‌కు ఇవ్వమని అంది. ఎట్లాగూ కోరుట్లకే కదా పోయేది.

షౌకత్ దుకాణం కోరుట్ల బస్టాండు వెనక సందులో ఉంది. డెబ్బై దాటిన మనిషి, మెడలో టేపు. సంగతి అంతా బిడ్డ ఫోన్‌లో చెప్పిందట. గుడ్డను అందుకున్నాడు, వేళ్లతో నలిపి బాగుందన్నాడు, లేచి వెళ్లి బకెట్టులో ముంచాడు.

"మూడుసార్లు ఉడకవెట్టిన అన్నా," అంది వజ్రమ్మ.

"ఉడకవెట్టింది నువ్వు గద తల్లీ. నేను ముంచలే."

చేసేది లేక అందరూ అరుగు మీద కూర్చున్నారు. గుడ్డ దుకాణం ముందు తీగ మీద ఎండకు ఆరుతోంది. రమ పాపకు బిస్కెట్ తినిపిస్తోంది. వజ్రమ్మ సంచిలోంచి సీసా తీసింది. ఎండకు ఆముదం తానే గోరువెచ్చబడింది. మనస్విని ఒళ్లోకి తీసుకుని మూడు వేళ్లతో నడినెత్తి తడిమింది. లోపల తట్టడం దాదాపు తెలియడం లేదు. వేలి కొసకు చిన్న గుంట, అంతే. బొట్టుబొట్టుగా దించింది. మొదటి బొట్టుకే చెయ్యి తడబడి, రెండో బొట్టు నుదుటి మీదికి జారింది. పాప అరచేత్తో దాన్ని తుడుచుకుని, ఒళ్లోంచి జారి, అరుగు అంచు పట్టుకుని నిలబడి, పక్కన తీగకు వేలాడుతున్న తెల్లటి గుడ్డను పట్టుకుంది.

అయిదు వేళ్లూ పడ్డాయి. షౌకత్ కళ్లద్దాల మీంచి చూశాడు. ఆముదం మరక ఉడకబెడితే తప్ప పోదన్నాడు.

"గా ఉడకవెట్టుడు నాకిడిసిపెట్టు," అంది వజ్రమ్మ, మూడో బొట్టు కోసం పాపను మళ్లీ ఒళ్లోకి లాక్కుంటూ.